వయసు నిరూపించుకోవడానికి ఆధార్ ఫొటో ఇవ్వాలా? ఇస్తే అది ఎక్కడికి వెళ్తుంది?

పటమట నివాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, పటమట. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి 21 నిండాయి, ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. చిన్నమ్మాయికి 15, పదో తరగతి. పోయిన ఆదివారం సాయంత్రం, ఇద్దరూ స్నేహితులతో మాట్లాడుకోవడానికి వాడే ఒక యాప్ ఉన్నట్టుండి ‘మీ వయసు నిర్ధారించుకోవాలి’ అంటూ ఆగిపోయింది. కెమెరాకు ముఖం చూపించి, తల కుడికీ ఎడమకీ తిప్పి, ఒకసారి నోరు తెరిచి మూయమంది. పెద్దమ్మాయి వరండాలో ట్యూబులైటు కింద నిలబడి మూడుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లూ 18 ఏళ్లలోపు అనే తేల్చింది. ఆ తరువాత చిన్నది వచ్చి తన ఫోనులో ముఖం చూపిస్తే మొదటిసారికే పెద్దవాళ్ల కింద జమకట్టి లోపలికి పంపేసింది. ఆ పూటంతా ఇంట్లో ఇదే నవ్వులాట.

నవ్వులయ్యాక అసలు సంగతి మొదలైంది. పెద్దమ్మాయి తన వయసు నిరూపించుకోవాలంటే ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డును ఫొటో తీసి పంపాలట. ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని వచ్చి ‘నాన్నా, పంపెయ్యనా?’ అని అడిగితే నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. ఆ కార్డు మీద తన పేరు, నా పేరు, డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్ అన్నీ ఉన్నాయి. వాళ్లు తెలుసుకోవలసింది 18 నిండాయా లేదా అన్న ఒక్క ముక్క మాత్రమే.

పిల్లలకు ఇంటర్నెట్‌లో రక్షణ అక్కర్లేదని వాదించేవాణ్ని కాను. మంత్రి నారా లోకేశ్ గారు 2026 జనవరిలో దావోస్‌లో, పదహారేళ్లలోపు పిల్లలను సోషల్ మీడియాకు దూరంగా ఉంచే ఆస్ట్రేలియా చట్టాన్ని అధ్యయనం చేస్తున్నామని చెప్పినప్పుడు మంచిదేనని అనుకున్నవాణ్నే. అయితే రేపు అలాంటి చట్టం ఇక్కడా వస్తే, కార్డు చూపించవలసింది పిల్లలా, మనమందరమా? పంపిన ఫొటోను పని అయ్యాక నిజంగా చెరిపేస్తారా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.


బ్రాడీపేట జిరాక్స్:

పటమట నివాసి గారూ, నేను చట్టం తెలిసినవాణ్ని కాను. గుంటూరు బ్రాడీపేటలో పద్దెనిమిదేళ్లుగా జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నాను. ‘చెరిపేస్తారా’ అన్న మీ ప్రశ్నకు మాత్రం నా అనుభవంలోంచి ఒక సమాధానం ఉంది.

పూర్వం జనం కార్డు తెచ్చి అద్దం మీద పెడితే కాపీ తీసి ఇచ్చేవాణ్ని, అంతటితో పని అయిపోయేది. ఇప్పుడు ఎవరూ కార్డు తేవడం లేదు. ‘మీ వాట్సాప్ నంబరు చెప్పండి, పంపిస్తాను’ అంటారు. పంపుతారు, నేను కంప్యూటరులో దించి ప్రింటు తీసి ఇస్తాను, డబ్బులిచ్చి వెళ్లిపోతారు. పోయిన సంవత్సరం దసరాకు ముందు కంప్యూటరు మొరాయిస్తోందని హార్డ్‌డిస్క్ ఖాళీ చేయడానికి కూర్చున్నాను. డౌన్‌లోడ్స్ అనే ఫోల్డరు తెరిస్తే మూడేళ్ల కార్డులు అందులోనే ఉన్నాయి. ఆధార్, పాన్, టెన్త్ మార్కుల మెమోలు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీలు, ఒకావిడ గర్భిణిగా తీయించుకున్న స్కానింగ్ రిపోర్టు. లెక్కపెడితే పదకొండు వందలు దాటాయి. నేను దొంగను కాను, ఎవరికీ అమ్మలేదు. చెరపాలన్న ఆలోచనే రాలేదు, అంతే. దుకాణంలో పనిచేసి మానేసిన ఇద్దరు కుర్రాళ్లకు ఆ కంప్యూటరు పాస్‌వర్డు తెలుసు కూడా.

2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక సూచన చేసింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆధార్ కాపీలు ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడమని, నెట్ సెంటర్లలో కార్డు దించుకోవద్దని, దించుకున్నా ఆ కాపీని శాశ్వతంగా చెరిపేయమని చెప్పింది. జనం దాన్ని అపార్థం చేసుకునే అవకాశం ఉందంటూ రెండు రోజులకే కేంద్రం వెనక్కి తీసుకుంది. ఆ రెండు రోజులూ మాస్క్‌డ్ కాపీ కావాలని అడిగినవారు మూడో రోజు నుంచి మళ్లీ మామూలు కాపీకే వచ్చారు. అపార్థం మాట అటుంచితే, నా డౌన్‌లోడ్స్ ఫోల్డరు విషయంలో ఆ కార్యాలయం చెప్పినదే నిజం.


లెక్కల టీచరు:

పై ఇద్దరి మాటలూ చదివాను. నేను గుంటూరులో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. గోప్యత గురించి మాట్లాడుకునేటప్పుడు పిల్లల వైపు సంగతి పక్కకు పోకూడదని రాస్తున్నాను.

తొమ్మిదో తరగతి పిల్లలు మొదటి పీరియడ్‌లో తూగుతుంటే ఎందుకని అడిగితే, రాత్రి రెండింటి వరకు ఫోను చూశామని ఏ బెరుకూ లేకుండా చెబుతున్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఎవరో తెలియని మనిషికి తన ఫొటోలు పంపి, అతను బెదిరించడం మొదలుపెట్టాక నెలన్నర పాటు ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోయింది. ఆ పిల్ల ఆ యాప్‌లో చేరినప్పుడు పుట్టిన సంవత్సరం 1999 అని వేసుకుందట. ఎవరూ ‘నిజమేనా’ అని అడగలేదు. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్లలోపు వారికి ఖాతాలు లేకుండా చూసే బాధ్యతను కంపెనీల మీదే పెట్టారని, తప్పితే 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జరిమానా అని చదివినప్పుడు, ఇన్నాళ్లకు ఎవరో ఒకరు కంపెనీని అడిగారు కదా అని నాకు ఊరట కలిగింది. పెద్దల కార్డుల భయం చూపించి ఈ పిల్లలను గాలికి వదిలేయమంటే నేను ఒప్పుకోలేను.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. తల్లిదండ్రుల అనుమతి తీసుకుంటే చాలునని అనుకునేవారు మా పిల్లల ఇళ్లు చూడలేదు. మా బడిలో చాలామంది తల్లులు మిర్చి యార్డు పనులకు, తొడిమలు తీయడానికి తెల్లవారుజామునే వెళ్లిపోతారు. ఆ ఇంట్లో ఫోను చదవగలిగినది పిల్లే. గ్యాస్ బుకింగు, బ్యాంకు మెసేజీ, అమ్మఒడి కాలంలో వచ్చిన ఓటీపీలు అన్నీ ఆ పిల్లే చూసింది. రేపు ‘మీ బిడ్డకు అనుమతి ఇస్తున్నారా’ అని తల్లి నంబరుకు ఓటీపీ వస్తే, దాన్ని కొట్టేది కూడా ఆ బిడ్డే. ఇంకొక సంగతి కూడా ఉంది. పదిహేడేళ్ల ఆడపిల్ల నెలసరి ఇబ్బంది గురించో, ఇంట్లో ఎవరి చెయ్యో తన మీద పడడం గురించో ఎక్కడైనా అడిగి తెలుసుకోవాలంటే ముందు నాన్న అనుమతి కావాలన్న పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి. దీనికి ఏం చేయాలో న్యాయశాస్త్రం తెలిసినవారు చెప్పాలి.


గుంటూరు వకీలు:

టీచరు గారు అడిగారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. నేను గుంటూరు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను.

ముందుగా పటమట నివాసి గారికి. ఒక సంభాషణ యాప్ వాడుకోవాలంటే ఆధార్ ఫొటో ఇచ్చి తీరాలని శాసించే కేంద్ర చట్టమేదీ లేదు. బ్రిటన్‌లో 2023 నాటి ఆన్‌లైన్ భద్రతా చట్టం కింద, అశ్లీల దృశ్యాల వంటివి పిల్లల కంటపడకుండా వయసు తనిఖీ చేయాలన్న నిబంధన 2025 జులై 25 నుంచి అమలులోకి వచ్చింది. తప్పిన కంపెనీకి ప్రపంచవ్యాప్త ఆదాయంలో పదో వంతు దాకా జరిమానా పడవచ్చు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం చేసిన ఇలాంటి చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2025 జూన్‌లో 6–3 మెజారిటీతో సమర్థించింది. అంతంత జరిమానాలు ఎదురుగా ఉన్నప్పుడు కంపెనీలు దేశానికొక పద్ధతి పెట్టుకోవడం కంటే అందరినీ ఒకే వరుసలో నిలబెట్టడం తేలికని భావిస్తాయి. మీ వరండాలో జరిగిన పరీక్షకు మూలం అదేనని నా ఊహ.

ఇక మన చట్టం. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తొమ్మిదో సెక్షను ప్రకారం 18 నిండనివారు పిల్లలే. వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల నిర్ధారించదగిన సమ్మతి ఉండాలి. వారి కదలికలను వెంటాడి గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపించడం నిషిద్ధం. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తరువాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. గురిపెట్టిన ప్రకటనల మీద నిషేధం నిజంగా మెచ్చుకోవలసినది. చిక్కు మరొకచోట ఉంది. వచ్చినవారిలో పిల్లలెవరో తెలియాలంటే పెద్దలెవరో కూడా తేల్చుకోవాలి. పటమట నివాసి గారి ప్రశ్నకు జవాబు ఇదే. చట్టం పేరు పిల్లలదైనా, కార్డు తీయవలసినది మనమందరమూ.

అనుమతి ఇచ్చే తల్లి లేదా తండ్రి వయోజనులేనని ఎలా నిర్ధారించుకోవాలో పదో నిబంధన చెబుతోంది. కంపెనీ దగ్గర అప్పటికే ఉన్న నమ్మదగిన వివరాలతో చూసుకోవచ్చు, వారు స్వయంగా ఇచ్చిన వివరాలతో చూసుకోవచ్చు, లేదా డిజిలాకర్ (ప్రభుత్వం నడిపే డిజిటల్ పత్రాల భాండాగారం) వంటి చోటు నుంచి వచ్చే టోకెన్‌తో, అంటే ఒక డిజిటల్ చీటీతో చూసుకోవచ్చు. మూడోదానికి ఒక మంచి అర్థం ఉంది, దాన్ని సాంకేతికులు వివరిస్తే బాగుంటుంది. మొదటిదాన్ని చదివినప్పుడు మాత్రం నాకు నవ్వు వచ్చింది. మన గురించి ఎంత ఎక్కువ కూడబెట్టిన కంపెనీకి అంత తక్కువ శ్రమ అన్నమాట.

ఆధార్ సంగతి. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది. 2018 సెప్టెంబరులో ఆధార్ తీర్పు, ప్రైవేటు కంపెనీలు ఒప్పందం పేరుతో ఆధార్ ధ్రువీకరణ అడిగే వీలు కల్పించిన 57వ సెక్షనులోని భాగాన్ని కొట్టివేసింది. ఆ తరువాత 2019 సవరణతో, మనిషి ఇష్టపడి ఇస్తే వాడుకోవచ్చంటూ ‘స్వచ్ఛందం’ అన్న కిటికీ తెరిచారు. ఇంతకంటే విచిత్రమేమంటే, ఆధార్ అసలు వయసుకు రుజువే కాదు. 2024 అక్టోబరులో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో మృతుడి వయసు తేల్చవలసి వచ్చినప్పుడు, సుప్రీంకోర్టు ఆధార్‌ను పక్కనపెట్టి బడి సర్టిఫికెట్‌లోని తేదీని తీసుకుంది. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ (ఈపీఎఫ్‌ఓ) కూడా అదే ఏడాది జనవరిలో పుట్టినతేదీ రుజువుల జాబితా నుంచి ఆధార్‌ను తీసేసింది. మన పల్లెల్లో బడిలో వేసేనాటికి హెడ్‌మాస్టరు గారు నోటికి వచ్చిన తేదీ రాసుకున్న తరం ఇంకా ఉంది. మా నాన్నగారి జన్మదినం జులై 1 అలా వచ్చినదే. ఆ తేదీని ఆధారం చేసుకుని అమెరికా కంపెనీ ఒకటి మన వయసు తేలుస్తుందట!

చెరిపివేత గురించి. పని తీరాక సమాచారం తొలగించాలని మన చట్టం చెబుతున్నది నిజమే. కాని అవే నిబంధనలు ఆ సమాచారాన్నీ, వాడకం నమోదులనూ (లాగ్స్) కనీసం ఒక సంవత్సరం ఉంచమని కూడా చెబుతున్నాయి. దీనికి తోడు 17వ సెక్షను కింద కేంద్రం తాను పేర్కొన్న ప్రభుత్వ సంస్థలకు చట్టం నుంచే మినహాయింపు ఇవ్వవచ్చు. అంటే ‘ఎవరు ఏ సైటుకు ఎప్పుడు వెళ్లారు’ అన్న జాబితా ఒకసారి తయారైతే, దాన్ని చూడగోరేవారు కంపెనీ ఒక్కటే కాకపోవచ్చు. రాష్ట్రం సొంతంగా చట్టం చేస్తే నిలుస్తుందా అన్నది వేరే చర్చ. టెలిఫోను, ప్రసారాలు, అటువంటి ఇతర సమాచార సాధనాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 31వ అంశం కింద ఉన్నాయి కనుక ఆ ప్రశ్న తప్పక కోర్టుకు వస్తుంది.

టీచరు గారు చెప్పిన ఓటీపీ సంగతికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు. సమ్మతి చట్టప్రకారం చెల్లినట్టే కనిపిస్తుంది, నిజానికి అది సమ్మతి కాదు.


కేసరపల్లి కోడరు:

గన్నవరం దగ్గర కేసరపల్లిలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. లాగిన్, గుర్తింపు వ్యవస్థలు నా రోజువారీ పని. వకీలు గారు వదిలిన చోట అందుకుంటాను.

ముందు మీ అమ్మాయిల సంగతి. ఆ కెమెరా పరీక్ష మనిషిని గుర్తుపట్టదు, ముఖం చూసి వయసును అంచనా మాత్రమే వేస్తుంది. అంచనా అన్నాక రెండు మూడేళ్లు అటూ ఇటూ కావడం సహజం. 15కీ 21కీ మధ్య ఉన్నవారి దగ్గరే ఆ తేడా అంతా బయటపడుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లను పరీక్షించినప్పుడు, ఆడవారి ముఖాల దగ్గర పొరపాట్లు దాదాపు ప్రతిసారీ ఎక్కువగా వచ్చాయి. బ్రిటన్‌లో తనిఖీలు మొదలైన వారంలోనే కుర్రాళ్లు ఒక వీడియో గేమ్‌లోని పాత్ర ముఖాన్ని కెమెరాకు చూపించి దాటేశారు. మిగతావారు వీపీఎన్ (తాము ఏ దేశంలో ఉన్నామో సైటుకు తెలియకుండా దాచే యాప్) దించుకున్నారు. అక్కడి డౌన్‌లోడ్ జాబితాల్లో ఆ రోజుల్లో పైన ఉన్నవి అవే.

ఇప్పుడు అసలు ప్రమాదం. 2025 అక్టోబరులో డిస్కార్డ్ అనే సంభాషణ వేదిక ఒక ప్రకటన చేసింది. తమకు వినియోగదారుల సేవ అందించే బయటి సంస్థ ద్వారా దాదాపు 70,000 మంది గుర్తింపు కార్డుల ఫొటోలు బయటికి పోయి ఉండవచ్చని అంగీకరించింది. ఆ కార్డులు ఎవరివో గమనించండి. వయసు విషయంలో తమను తప్పుగా లెక్కగట్టారని ఫిర్యాదు చేసుకుని, నిరూపించుకోవడానికి కార్డు పంపినవారివి. అంటే సరిగ్గా మీ పెద్దమ్మాయి స్థానంలో ఉన్నవారివి. దొంగ మెలిక తిరిగిన తాళమేదీ తీయలేదు, ఫిర్యాదులు చూసే బల్ల దగ్గర కాగితాలు పోగుపడి ఉన్నాయి. జిరాక్స్ గారి డౌన్‌లోడ్స్ ఫోల్డరే, ఇంకొంచెం పెద్దది.

దీన్ని వేరేగా చేయవచ్చు. ఓటు వేసినప్పుడు చూపుడువేలి మీద పెట్టే సిరా గుర్తును తీసుకోండి. దాన్ని చూసినవారికి ‘ఈ మనిషి ఓటు వేశాడు’ అన్న ఒక్క సంగతే తెలుస్తుంది. పేరు తెలియదు, ఎవరికి వేశాడో తెలియదు. మరొక ముఖ్యమైన విషయం, మీ వేలు చూసిన మనిషి పోలింగ్ బూత్‌కు ఫోను చేసి ‘ఫలానా ఆయన మా అంగడికి వచ్చాడు, నిజమేనా’ అని అడగడు. వయసు టోకెన్ కూడా అలా ఉండాలి. మీ పుట్టినతేదీ ఇప్పటికే తెలిసిన ఒక సంస్థ ‘18 నిండాయి’ అని సంతకం పెట్టిన డిజిటల్ చీటీ ఒకటి మీ ఫోనులో ఉంచుతుంది. సైటుకు ఫోను ఆ ఒక్క మాటనూ, సంతకం అసలైనదేనన్న గణిత రుజువునూ మాత్రమే చూపిస్తుంది. దీన్ని మా వాళ్లు జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అంటారు. యూరోపియన్ కమిషన్ 2025 జులైలో ఈ బాటలో ఒక యాప్ నమూనా విడుదల చేసి డెన్మార్క్, ఫ్రాన్స్, గ్రీస్, ఇటలీ, స్పెయిన్‌లలో పరీక్షకు పెట్టింది.

అయితే టోకెన్ అన్న మాట వినగానే మురిసిపోకూడదు. చూపించిన ప్రతిసారీ దాన్ని జారీ చేసినవారి సర్వరుకు వెళ్లి సరిచూసుకునే పద్ధతి పెడితే, మీరు ఏ రాత్రి ఎన్ని గంటలకు ఏ సైటు తలుపు తట్టారో జారీ చేసినవారి దగ్గర చిట్టా తయారవుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మన నిబంధనల్లో టోకెన్ అన్న పదం ఉంది కాని, తిరిగి అడగకూడదన్న షరతు లేదు. రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయాలు కోరిన రోజున నేను రాయబోయేది ఆ ఒక్క షరతు గురించే.

మాస్క్‌డ్ ఆధార్ గురించి ఒక మాట. అది దాచేది మొదటి ఎనిమిది అంకెలను మాత్రమే. పేరు, పుట్టినతేదీ, చిరునామా, ఫొటో అలాగే ఉంటాయి. పూర్తి కార్డు కంటే నయం, అంతే.


లెక్కల టీచరు:

కోడరు గారూ, సిరా గుర్తు ఉదాహరణ రేపు పిల్లలకు చెబుతాను. మీ టోకెన్ తల్లి ఫోనులో ఉండి, ఆ ఫోను పిల్ల చేతిలో ఉంటే మాత్రం నా ఇబ్బంది నాకు మిగిలే ఉంటుంది. అయినా వయసు నిర్ధారణ కంటే ముందు, తెలియని మనిషి ఎవరైనా పిల్లకు నేరుగా సందేశం పంపగలిగే ఆ సౌకర్యాన్నే అందరికీ మూసి ఉంచమని కంపెనీలను ఎందుకు అడగరు? దానికి ఎవరి కార్డూ అక్కర్లేదు కదా.


పటమట నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. పైవన్నీ పెద్దమ్మాయికి చదివి వినిపించాను. కార్డు పంపలేదు. వెలుతురు బాగా ఉన్నప్పుడు కళ్లజోడు తీసి మళ్లీ ప్రయత్నించమని ఎవరో చెబితే పొద్దున్నే మేడ మీదికి వెళ్లి చూసింది, ఈసారీ 18 లోపే అంది. ‘మరీ అంత చిన్నదానిలా ఉన్నానా’ అని వాళ్లమ్మ దగ్గర గొణుక్కుని, క్లాసు వాళ్లందరినీ వేరే యాప్‌కు రమ్మని అడుగుతోంది. సగం మంది వచ్చారు. మిగతా సగం ఆ రోజే కార్డు ఫొటో పంపేశారట, వాళ్లకు కదిలే అవసరం కనిపించడం లేదు.

చిన్నదాని ఖాతా గురించి ఇంట్లో చర్చ జరిగింది. పెద్దవాళ్ల కింద జమకట్టారు కాబట్టి పిల్లలకు ఉండే అడ్డుకట్టలు ఏవీ తనకు లేవని కోడరు గారి జవాబు చదివాక గాని నాకు తట్టలేదు. అసలు వయసు వేయమంటే ‘కెమెరానే ఒప్పుకుంది కదా నాన్నా’ అంటోంది. టీచరు గారు చెప్పినట్టు తెలియనివారి సందేశాలు రాకుండా సెట్టింగు మాత్రం నేనే పక్కన కూర్చుని మార్పించాను.


బ్రాడీపేట జిరాక్స్:

మంచి పని చేశారు. నేను కూడా దుకాణంలో ఒక మార్పు పెట్టాను. ప్రింటు చేతికి ఇచ్చాక స్క్రీనును కస్టమరు వైపు తిప్పి, వాట్సాప్‌లో వచ్చినదీ ఫోల్డరులో దిగినదీ వాళ్ల కళ్ల ముందే చెరిపేస్తున్నాను. నిన్న ఒక పెద్దాయన ‘ఉంచవయ్యా, మళ్లీ వచ్చే నెల కావాలి, ప్రతిసారీ పంపడం నా వల్ల కాదు’ అని కోప్పడ్డారు.